‘కెనడా అనుభవం’: ప్రకటనలో వద్దు, ఇంటర్వ్యూలో సరేనా?

ఒంటారియో కార్మిక మంత్రి గారికి,

2026 జనవరి 1 నుంచి ఉద్యోగ ప్రకటనల్లో, వాటి దరఖాస్తు ఫారాల్లో ‘కెనడా అనుభవం’ (కెనడాలో పనిచేసిన అనుభవం) అడగకూడదన్నారు. జీతం చెప్పాలి; కనిష్ఠ, గరిష్ఠాల తేడా ఏడాదికి 50,000 డాలర్లు మించకూడదు. మంచిదే. కానీ ఇవన్నీ 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకే. కొత్తగా వచ్చినవాళ్లు తొలి కొలువు కోసం తట్టేది చిన్న సంస్థల తలుపులు కూడా కదా!

పైగా నిషేధం కాగితం వరకే. ఇంటర్వ్యూలో “ఇక్కడెక్కడ చేశారు?” అని అడిగి పక్కనపెడితే ఈ నిబంధన అడ్డురాదు. అలా అడగడం వివక్ష కిందికి రావచ్చని ఒంటారియో మానవ హక్కుల కమిషన్‌కు 2013 నుంచే విధానం ఉంది. అయినా ఆ దారిలో మానవ హక్కుల ట్రైబ్యునల్‌కెక్కాల్సింది అభ్యర్థే.

ఇంటర్వ్యూ ప్రశ్నలనూ నిషేధంలో చేర్చండి. 25 మంది పరిమితి తగ్గించండి. ఇంటర్వ్యూ చేసినవాళ్లకు సంస్థలు ఫలితం చెప్పాల్సిన 45 రోజుల గడువు చివరి ఇంటర్వ్యూ నుంచి మొదలవుతుందని ప్రకటనలోనే రాయించండి.

ఇట్లు,
ఒంటారియోలోని తెలుగు ఉద్యోగార్థులు