చింతపిక్కల లెక్క

విజయనగరం

చిరంజీవి చిన్నోడికి ఆశీస్సులు.

పోకర్ పేకాటలో ముగ్గురే మిగిలాక, అందరికంటే ఎక్కువ చిప్స్ (పందెం బిళ్ళలు) నీ దగ్గరే ఉన్నా కరిగిపోతున్నాయని రాశావు. నీవి చూసుకోవడం మాని ఎదుటివాడివి లెక్కపెట్టు నాన్నా. పెద్ద బ్లైండ్, అంటే ముక్కలు చూడకముందే ఒకరు తప్పక పెట్టే పందెం, 200 అయితే నీ 40,000 అంటే 200 బ్లైండ్లు. వాడి దగ్గర 6,000 ఉంటే మీ ఇద్దరి మధ్య ఆట 30 బ్లైండ్లకే. చేతిలోని చిన్న జతకి ఫ్లాప్‌లో (బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) సెట్, అంటే అదే రకం మూడోది, పడేది సుమారు ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. 200 ఉన్నవాడి మీద ఆ ఎదురుచూపు గిట్టుబాటవుతుంది, 30 ఉన్నవాడి మీద కాదు.

ముగ్గురి ఆటలో మూడు పంపకాలకోసారి ఒకటిన్నర బ్లైండ్ (పెద్దది ఒకటి, చిన్నది అర) చేతి నుంచి పోతుంది, కాబట్టి మంచి ముక్కలొచ్చే దాకా కూర్చోకు. బటన్ (పంచేవాడి చోటు) నీదైతే ఏ ఆసైనా, ఏ జతైనా రెండున్నర బ్లైండ్లకి రైజ్ చెయ్యి, అంటే పందెం పెంచు. ఒకటిన్నర కోసం రెండున్నర పెడుతున్నావు కనుక, వట్టి బ్లఫ్ అయితే పదహారింట పదిసార్లు ఇద్దరూ వదిలెయ్యాలి. ఫ్లాప్ తర్వాత గెలిచేవీ ఉంటాయి కాబట్టి అంతకు తగ్గినా నష్టం లేదు. చిన్న బ్లైండ్‌లో మాత్రం చెయ్యి బిగించు, ఫ్లాప్ నుంచి ముందు మాట్లాడాల్సింది నువ్వే.

అసలు గండి ఒక్క జతతో పాట్ (మధ్యలో పోగైన పందెం) పెంచెయ్యడంలో ఉంది. పాట్‌లో 6 బ్లైండ్లున్నాయనుకో. ఫ్లాప్, టర్న్ (నాలుగో ముక్క), రివర్ (అయిదో ముక్క)లలో సగం పాట్ చొప్పున పెడితే 3, 6, 12, అంటే 21. పూర్తి పాట్ చొప్పునైతే 6, 18, 54, అంటే 78! పైనున్న జత 21కి ఓర్చుకుంటుంది. 78 దాకా కాల్ చేసినవాడి (నీ పందేనికి సమానంగా పెట్టినవాడి) దగ్గర ఎక్కువసార్లు రెండు జతలో, సెట్టో ఉంటుంది.

టర్న్ దాకా నాలుగు ఆఠీన్లు కుదిరితే, రివర్‌లో అయిదోది పడి ఫ్లష్ (అయిదూ ఒకే గుర్తు ముక్కలు) అయ్యే అవకాశం కనపడని 46 ముక్కల్లో 9, అయిదో వంతుకి కాస్త తక్కువ. సగం పాట్ పందెం కాల్ చెయ్యాలంటే నాలుగో వంతు కావాలి. ఆ లోటు పూడాలంటే, ఫ్లష్ పడ్డాక గెలుచుకోవడానికి వాడి దగ్గర ఇంకా చిప్స్ మిగిలుండాలి, నీది ఆసు ఫ్లష్ అయితే మరీ మంచిది. చిప్స్ ఎక్కువున్న లోతైన ఆటలో చిన్న ఫ్లష్ పెద్ద ఫ్లష్ చేతిలో మొత్తం పోగొడుతుంది, జాగ్రత్త.

డబ్బు ఊసు మాత్రం వద్దు. ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడే ఆటల్ని మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి. సిరిమాను పండక్కి వచ్చినప్పుడు మనిషికి 400 చింతపిక్కలు పంచుకుని, బ్లైండ్లు ఒకటీ రెండూ పెట్టి ముగ్గురం కూర్చుందాం. ప్రతి పందెం ముందు ఎదుటివాడి పిక్కలెన్నో పైకి చెప్పాలి, చెప్పలేకపోతే ఆ పంపకం వదిలెయ్యాలి.

అమ్మ