‘ఒక్క పాయింటే కదా’ అనే ముందు

నమస్కారం అండీ. మెల్‌బోర్న్‌లో టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, వెరిబీ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లందరికీ ఈ కబురు. లైసెన్సు చేతికొచ్చింది, కాంట్రాక్టరు రిజిస్ట్రేషనూ వచ్చింది. వచ్చే సోమవారం నుంచి ఇళ్ల కరెంటు పనులు తీసుకుంటున్నాం. ఇన్నాళ్లూ ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ "ఇప్పుడే కుదరదండీ" అని చెప్పాల్సి వచ్చింది. కొందరికి కోపం కూడా వచ్చింది. అందుకే ఎందుకు కుదరలేదో, ఇప్పుడు ఏం చేస్తామో, ఏం చేయమో ముందే చెప్పేస్తున్నాం.

ఊళ్లో ఐటీఐ రెండేళ్లు చదివి, వైర్‌మన్ పర్మిటు తీసుకుని ఎన్నేళ్లు పనిచేసినా, ఆ కాగితాలతో విక్టోరియాలో గోడమీద స్విచ్ ఒకటి మార్చడం కూడా చట్టవిరుద్ధమే. ముందు ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా దగ్గర అనుభవానికి రుజువులు పెట్టి, పరీక్షించుకుని, ఓటీఎస్ఆర్ అనే, బయటి దేశంలో నేర్చిన పనికి గుర్తింపు రికార్డు తెచ్చుకోవాలి. దాని మీద ఇంకొకరి పర్యవేక్షణలో మాత్రమే పనిచేసే లైసెన్సు ఇస్తారు. అలా ఏడాది పని, దాంతోపాటు ఇక్కడి పద్ధతుల మీద గ్యాప్ ట్రైనింగ్. అది అయ్యాక సర్టిఫికెట్ త్రీ అనే ఇక్కడి ఎలక్ట్రీషియన్ పట్టా, ఆ తర్వాత థియరీ, ప్రాక్టికల్, సేఫ్ వర్కింగ్ అని మూడు పరీక్షలు. అవన్నీ గట్టెక్కితే కరెంటు పనుల మీద అజమాయిషీ చేసే ఎనర్జీ సేఫ్ విక్టోరియా సంస్థ ‘ఎ గ్రేడ్’ లైసెన్సు ఇస్తుంది.

అక్కడితో అయిపోదు. ఎ గ్రేడ్ ఉన్న మనిషి ఒక కంపెనీలో జీతానికి పనిచేయొచ్చు కానీ, మీ ఇంటికొచ్చి మీ దగ్గర డబ్బు తీసుకుని పనిచేయాలంటే ఆర్ఈసీ, అంటే రిజిస్టర్డ్ ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు అయి ఉండాలి. "లైసెన్స్ ఉంది కదా తమ్ముడూ, శనివారం వచ్చి వేసి వెళ్లు" అన్నవాళ్లకు సమాధానం ఇదే. మమ్మల్నే కాదు, ఎవరిని పిలిచినా ఆర్ఈసీ నంబరు అడగండి. ప్రకటనల్లో ఆ నంబరు ఉండి తీరాలి. ఎనర్జీ సేఫ్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

పని అయ్యాక మీకు సర్టిఫికెట్ ఆఫ్ ఎలక్ట్రికల్ సేఫ్టీ ఇస్తాం. అది లేకుండా పని చేయం, "క్యాష్ ఇస్తా, కాగితం వద్దు" అన్నా చేయం. ఇందులో రెండు రకాలు. ఉన్న సర్క్యూట్ మీద ఒక పాయింటు పెంచడం లాంటివి చిన్న రకం, సర్టిఫికెట్ మేమే నింపి ఇచ్చేస్తాం. మెయిన్ బోర్డు మార్చడం, మెయిన్ కేబుల్ లాంటివైతే మాకు సంబంధం లేని ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెట్టాలి. ఆయన ఫీజు వేరే, ఆయన తేదీ కోసం ఆగాల్సిందే.

ఒక మాట మీద ఇప్పటికే చాలా తికమక జరిగింది. "స్విచ్‌బోర్డు పాడైంది" అని ఫోన్ వస్తే మనవాళ్ల లెక్కలో అది హాల్లో గోడమీద స్విచ్‌లుండే పలక. ఇక్కడ స్విచ్‌బోర్డు అంటే బయట మీటరు దగ్గరుండే మెయిన్ పెట్టె, అంటే మన ఊరి డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు). పది నిమిషాల పనికీ రోజంతా పనికీ ఉన్నంత తేడా అది. ఫోన్‌లో ఈ రెండింటిలో ఏదో స్పష్టంగా చెప్పండి.

ఇక అసలు విషయం. కరెంటు రెండు చోట్లా 230 వోల్టులే, 50 హెర్ట్జే. స్విచ్ కూడా రెండు చోట్లా కిందికి నొక్కితేనే ఆన్. అందుకే ఊళ్లో పనిచేసి వచ్చినవాడి చెయ్యి ఇక్కడ ఏమీ ఆలోచించకుండా సాగిపోతుంది. ప్రమాదం అక్కడే ఉంది.

ప్లగ్ పాయింటునే తీసుకోండి. మన ఊళ్లో ఎర్త్ పైన, ఎదురుగా నిలబడి చూస్తే ఫేజు కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు. ఇక్కడ ఎర్త్ కింద, ఫేజు ఎడమ, న్యూట్రల్ కుడి. ‘కుడి అంటే ఫేజు’ అని అలవాటైన చెయ్యి ఇక్కడ తిప్పి బిగించేస్తుంది. నిజానికి ఎర్త్ దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే వైపు చూస్తే రెండు దేశాల్లోనూ వరుస ఒకటే: ఎర్త్, ఫేజు, న్యూట్రల్. మన పాయింటునే తలకిందులు చేశారు, అంతే. కుడి ఎడమలు మర్చిపోయి ఈ వరుస గుర్తుపెట్టుకుంటే తప్పు జరగదు. తిప్పి బిగిస్తే ఏమవుతుందంటారా? అన్నీ మామూలుగానే పనిచేస్తాయి, సేఫ్టీ స్విచ్ (కరెంటు లీకైతే సప్లై ఆపేసేది) కూడా పడదు. కానీ స్విచ్ ఆపినప్పుడు తెగేది న్యూట్రల్. టోస్టరు ఆఫ్‌లో ఉన్నా లోపలి కాయిల్‌లో ఫేజు అలాగే ఉంటుంది. ఇరుక్కున్న బ్రెడ్డు ముక్కను చాకుతో తీసేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

రంగుల సంగతీ అంతే. ఊళ్లో త్రీ ఫేజు అంటే ఎరుపు, పసుపు, నీలం. ఇక్కడ ఎరుపు, తెలుపు, ముదురు నీలం. ఫేజుకి పసుపు వాడటం ఇక్కడ నిషేధం. గోడలోని కేబుల్‌లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. అదే మిక్సీ తీగలో బ్రౌన్ ఫేజు, లేత నీలం న్యూట్రల్. అంటే ఒకే ఇంట్లో నీలం ఒకచోట ప్రాణం తీసేది, ఇంకోచోట తీయనిది. లైటు స్విచ్ వెనక తెల్ల వైరు చాలాసార్లు స్విచ్ దాటి వచ్చిన ఫేజే. కాబట్టి రంగును నమ్మడం మానేశాం, మీటరునే నమ్ముతాం.

మీటరు అంటే జేబులో ఉండే నియాన్ టెస్టరు కాదు. దాంట్లో బల్బు వెలగాలంటే మన ఒంట్లోంచి కాస్త కరెంటు నేలకు పోవాలి. ఎండిన చెక్క నిచ్చెన మీద రబ్బరు బూట్లతో నిలబడితే ఫేజు ఉన్నా అది సరిగా వెలగదు. పక్క వైరు నుంచి వచ్చిన ఉత్తుత్తి వోల్టేజీకి మాత్రం వెలుగుతుంది. న్యూట్రల్ తెగితే అసలు చెప్పదు. ఇక్కడి పద్ధతి మూడు మెట్లు: కరెంటు ఉందని తెలిసిన చోట మీటరు పెట్టి అది పనిచేస్తోందని చూడాలి, తర్వాత ఆపేసిన వైరు మీద చూడాలి, మళ్లీ మొదటి చోటికి వచ్చి మీటరు ఈ మధ్యలో చచ్చిపోలేదని చూసుకోవాలి. బ్రేకరుకి తాళం, ట్యాగు. ఇదంతా మీకు సాగదీతలా కనిపిస్తుందని తెలుసు. ఆ పది నిమిషాలు బిల్లులో ఉంటాయి.

ఇంకో పాత అలవాటు, న్యూట్రల్ అప్పు తెచ్చుకోవడం. మెట్ల దగ్గర టూ-వే లైటుకి ఫేజు కింది సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ దగ్గర్లో దొరికిన పై సర్క్యూట్ నుంచి లాగేయడం ఊళ్లో మామూలే, లైటు వెలుగుతుంది. ఇక్కడ ఇళ్లలో కొత్తగా వేసే సర్క్యూట్లన్నిటికీ 30 మిల్లీఆంపుల సేఫ్టీ స్విచ్ రక్షణ ఉండాలి. ఒక్కో స్విచ్ కిందికి మూడు సర్క్యూట్లకు మించి రాకూడదు. అది చేసే పని ఒక్కటే: ఫేజులో వెళ్లినంత కరెంటు తన న్యూట్రల్‌లోనే తిరిగొచ్చిందా అని చూడటం. అప్పు న్యూట్రల్ ఉంటే వెళ్లింది ఒకచోట, వచ్చింది ఇంకోచోట. లైటు వేయగానే పడిపోతుంది. ఎవరో తెలిసినవాళ్లు వచ్చి లైటు పెంచాక "ఊరికే ట్రిప్ అవుతోంది" అంటూ వచ్చే ఫోన్లలో మేం మొదట వెతికేది ఇదే.

లైట్లు, పాయింట్లు ఏమీ మార్చకపోయినా ట్రిప్ అవుతుంటే, మమ్మల్ని పిలిచే ముందు మీరే ఒకటి చేయండి. ఆ సర్క్యూట్ మీద ఉన్న ప్లగ్గులన్నీ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, పీకాలి. సేఫ్టీ స్విచ్ పైకి ఎత్తండి. నిలబడితే ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి, పడేసిన వస్తువే దొంగ. ఎక్కువగా కెటిల్, పాత ఫ్రిజ్, వాషింగ్ మెషీన్. అన్నీ పీకినా నిలబడకపోతే వైరింగ్‌లో లోపం, లేదా వానకు తడిసిన బయటి లైటు. అప్పుడు ఎత్తుతూ కూర్చోకండి, పిలవండి. టెస్ట్ బటన్ మూడు నెలలకోసారి నొక్కండి.

సేఫ్టీ స్విచ్ కాపాడలేనిది కూడా ఒకటుంది. ఊళ్లో ఇంటికో ఎర్త్ గుంట, ఉప్పు, బొగ్గు. ఇక్కడ ఎర్త్ రాడ్డుతో పాటు మెయిన్ బోర్డులో ఎర్త్‌నీ న్యూట్రల్‌నీ కలిపేస్తారు, దీన్ని ఎంఈఎన్ అంటారు. షార్ట్ అయితే కరెంటు గట్టిగా పారి బ్రేకరు వెంటనే పడుతుంది, మంచిదే. కానీ వీధి నుంచి వచ్చే న్యూట్రల్ తెగినా, వదులైనా, ఇంట్లో వాడిన కరెంటు తిరిగి వెళ్లడానికి ఎర్త్ దారి పడుతుంది. కుళాయి ముట్టుకుంటే, షవర్ కింద నిలబడితే చిమచిమలాడుతుంది. లోపం సేఫ్టీ స్విచ్‌కి ముందు ఉంది కాబట్టి అది కదలదు. కుళాయి దగ్గర కొంచెం జిల్లుమన్నా సరే, ఏదీ ముట్టుకోకుండా మాకంటే ముందు మీ కరెంటు బిల్లు మీద ఉండే ఫాల్ట్ నంబరుకి ఫోన్ చేయండి. అది ఎమర్జెన్సీ, రాత్రి రెండింటికైనా.

మన వంటిళ్ల గురించి. ఊరినుంచి తెచ్చిన గ్రైండరు, మిక్సీ ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే తిరుగుతాయి. 750 వాట్ల మిక్సీ తీసుకునేది మూడు ఆంపుల పైచిలుకే. ఇబ్బంది లోడుతో కాదు, ట్రావెల్ అడాప్టరుతో. చాలా అడాప్టర్లలో ఎర్త్ పిన్నుకి రంధ్రం ఉంటుంది కానీ లోపల దాన్ని దేనికీ కలపరు. స్టీలు డ్రమ్ము, తడి చేతులు, ఎర్త్ లేదు. ప్లగ్ కోసేసి ఇక్కడి మూడు పిన్నుల ప్లగ్ బిగించి, పిన్ను నుంచి బాడీ వరకు ఎర్త్ వస్తోందా, ఇన్సులేషన్ బాగుందా చూసి ఇస్తాం. ఒక్కదానికోసం మమ్మల్ని రప్పించుకోకండి, దండగ. నాలుగైదు పోగుచేసి ఇంకో పని ఉన్నప్పుడు ముందు పెట్టండి. బకెట్లో వేసే హీటరు రాడ్డుకి మాత్రం ప్లగ్ మార్చం, బతిమాలినా మార్చం.

గ్యారేజీలో రెండో వంటిల్లు పెట్టుకునేవాళ్లు ఈ లెక్క చూడండి. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, 1500 వాట్ల ఎయిర్ ఫ్రయర్, 2200 వాట్ల కెటిల్ కలిస్తే దాదాపు 25 ఆంపులు. అక్కడున్నది 20 ఆంపుల బ్రేకరు. ఇంత కొంచెం ఎక్కువైతే బ్రేకరు వెంటనే పడదు, ఒక్కోసారి గంట దాకా ఓర్చుకుంటుంది. ఆ గంటా వైరు, సాకెట్ వేడెక్కుతూనే ఉంటాయి. చివరికి సరిగ్గా చుట్టాలొచ్చినప్పుడు పడుతుంది. "20 తీసేసి 32 వేయండి" అని అడుగుతారు. వేయం. గోడలో ఉన్నది రెండున్నర ఎంఎం వైరు, 32 ఆంపులకు అది కాలుతుంది కానీ బ్రేకరు పడదు. చేయాల్సింది బోర్డు నుంచి వేరే సర్క్యూట్: గ్యారేజీ గోడదాకా 12 నుంచి 20 మీటర్ల రెండున్నర ఎంఎం కేబుల్, దానికి సొంతంగా, బ్రేకరూ సేఫ్టీ స్విచ్చూ ఒకటిగా ఉండే 20 ఆంపుల ఆర్‌సీబీఓ. వంటగట్టులో బిగించే పెద్ద ఇండక్షన్ పొయ్యి అయితే ఆరు ఎంఎం కేబుల్, 32 ఆంపులు. అటక (సీలింగుకీ పైకప్పుకీ మధ్య చోటు) ఖాళీగా ఉంటే సగం రోజు పని. ఆర్‌సీబీఓ ‘టైప్ ఎ’యే వేస్తాం. 2023 ఏప్రిల్ 30 నుంచి కొత్త పనికి పాత ‘టైప్ ఏసీ’ చెల్లదు, ఆన్‌లైన్‌లో చౌకగా దొరికిందని మీరు కొని ఇస్తే తిప్పి పంపాల్సి వస్తుంది.

ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు రెండేళ్లకోసారి కరెంటు సేఫ్టీ చెక్ తప్పనిసరి, 2021 మార్చి 29 నుంచి అమల్లో ఉంది. సన్‌షైన్, ఫుట్‌స్క్రే వైపు పాత ఇళ్లు కొన్నవాళ్లు మీటరు పెట్టెలో ఫ్యూజుల వెనక నల్ల పలక కనిపిస్తే దానికి మీరు రంధ్రాలు వేయకండి. అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి బోర్డు పనికి ఖర్చు ఎంతో చూడకుండా ఫోన్‌లో చెప్పలేం.

సోలార్, ఏసీ గ్యాసు, ఇంటర్నెట్ కేబుల్ పాయింట్లు మేం చేయం. వాటికి వేరే అనుమతులు కావాలి, మాకు లేవు.

మా వైపు లోటు కూడా చెప్పాలి. అంచనాలు మొదట్లో కొన్ని తప్పుతాయి. ఇటుక గోడ చెక్కి పైపు పెట్టడానికి ఎంతసేపు పడుతుందో చేతికి తెలుసు. జిప్సం గోడలో పైనుంచి వైరు దింపుతుంటే మధ్యలో అడ్డచెక్క తగిలితే మాత్రం గంట పోతుంది, రెండంతస్తుల ఇంట్లో ఇంకా ఎక్కువ. చెప్పిన ధర దాటేలా ఉంటే పని ఆపి అడుగుతాం, అడగకుండా బిల్లు పెంచం. ఎండాకాలంలో అటక పనులు ఉదయం ఏడు నుంచి పది లోపే. అటక ఎక్కే ముందు మెయిన్ ఆపేస్తాం, అంటే వైఫై పోతుంది. ఇంటినుంచి పనిచేసేవాళ్లు ఆ టైములో మీటింగులు పెట్టుకోకండి. పైన సోలార్ ఉంటే మెయిన్ ఆపినా పగటిపూట ప్యానెళ్ల డీసీ వైర్లలో కరెంటు ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పండి.

వాట్సాప్‌లో పంపాల్సినవి: మెయిన్ బోర్డు తలుపు తీసి ఒక ఫోటో (లోపలి స్క్రూలు విప్పొద్దు), పని కావాల్సిన చోటు ఫోటో, ఇల్లు ఒక అంతస్తా రెండా, అటక తలుపు ఎక్కడుంది. సాయంత్రం ఏడు తర్వాత జవాబిస్తాం. మొదటి రెండు వారాల్లో శనివారాలు ఇప్పటికే నిండిపోయాయి.