ఆపరేషన్ గృహప్రవేశం దాకా ఆగదురా

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. ఇప్పుడు బాగానే ఉన్నారు కదా నాన్నా, గృహప్రవేశం నెలలోనే ఉంది, అది అయ్యాక చేయించుకోండి అన్నావు. మీరిద్దరూ పీటల మీద కూర్చుంటే పక్కన మేముండాలని నీ ఆశ, అది నాకు తెలుసు. కానీ నా మెడలో రక్తనాళం పూడిక తీసే ఆపరేషన్ గురువారమే. ఎందుకో ఫోన్‌లో చెబితే పూర్తిగా చెప్పనివ్వవు, అందుకని రాస్తున్నాను.

ఆ రోజు పెరంబూర్ మార్కెట్లో కూరలకి డబ్బులిస్తుంటే కుడిచేతిలోంచి చిల్లర జారిపోయింది, వేళ్లు ముడుచుకోలేదు, ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. అయినా మీ అమ్మ ఊరుకోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి లాక్కెళ్లింది, ఆ మేలు నేనెప్పటికీ మర్చిపోను. దీన్ని టీఐఏ అంటారు, అందరూ మినీ స్ట్రోక్ అనేది ఇదే. మెడకి డాప్లర్ స్కాన్, ఆ తర్వాత రక్తనాళాలు చూపించే సీటీ యాంజియో తీశారు. మెదడుకి రక్తం తీసుకెళ్లే ఎడమ కెరోటిడ్ నాళం దవడ కింద రెండుగా చీలే చోట కొవ్వు, కాల్షియం పేరుకుని 80 శాతం పూడిపోయింది. కుడిచేతినీ మాటనీ నడిపేది మెదడు ఎడమ భాగమే, నాకు ఆ రెండే ఎందుకు పోయాయో అప్పుడర్థమైంది.

రక్తం తక్కువ వెళ్తోందన్నది ఒక్కటే సమస్య కాదురా. ఆ పూడిక మీద రక్తం గడ్డకట్టి, అందులో ముక్క ఊడి పైకి కొట్టుకుపోతుంది. ఈసారి అది కరిగిపోయింది. కరగకపోతే పక్షవాతమే. ఆ ప్రమాదం మొదటి రోజుల్లో, మొదటి వారాల్లోనే ఎక్కువ, అందుకే వీలైతే రెండు వారాల లోపు చేయించుకోమంటారు. ఆలస్యమయ్యే కొద్దీ ఆపరేషన్ వల్ల వచ్చే లాభం తగ్గిపోతుంది.

1991లో అమెరికా, కెనడా డాక్టర్లు నాసెట్ అనే పరిశోధన ఫలితాలు బయటపెట్టారు. నాలాగే లక్షణాలు కనబడి, 70 శాతం పైన పూడినవాళ్లలో మందులతోనే ఉన్నవాళ్లకి రెండేళ్లలో పూడిన వైపు స్ట్రోక్ వచ్చింది 26 శాతం మందికి, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 9 శాతం మందికి. ఆపరేషన్ వల్ల వచ్చినవి కూడా ఆ 9లోనే ఉన్నాయి. అప్పటికంటే ఇప్పుడు మందులు మెరుగే, కానీ నాలాంటి కేసులో ఇప్పటికీ ఆపరేషనే చెబుతున్నారు.

ఆపరేషన్లోనే స్ట్రోక్ వస్తేనో అని నీ టెన్షన్. రావచ్చు, దాచను. మీ చేతుల మీద వందకి ఎంతమందికి అలా అయింది సార్ అని సర్జన్‌నే అడిగాను. 6 దాటకూడదని డాక్టర్ల నియమమట, ఆయన లెక్క అందులో సగం కూడా లేదు. ఈ ప్రశ్న ఎవరైనా అడిగి తీరాలి. మెడ కోయకుండా నాళంలో స్టెంట్ అనే జాలీ గొట్టం పెట్టే సంగతీ అడిగాను. 2010లో వచ్చిన క్రెస్ట్ పరిశోధనలో స్టెంట్‌తో స్ట్రోక్ కాస్త ఎక్కువ, ఆపరేషన్‌తో గుండెపోటు కాస్త ఎక్కువ అని తేలింది. డెబ్బై దాటినవాళ్లకి ఆపరేషనే మేలన్నారు. నాకు 72, ఎకోలో గుండె బాగుంది.

మెడ పక్కన కోసి, నాళానికి కాసేపు క్లాంప్ పెట్టి, తెరిచి, లోపలి పూడికంతా ఒలిచి తీసేసి, ప్యాచ్ వేసి కుట్టేస్తారు. కొన్నాళ్లు గొంతు బొంగురుపోవచ్చు, నాలుక ఒక పక్కకి లాగవచ్చు, ఫోన్‌లో అలా వినబడితే కంగారుపడకు. కుడివైపు పూడిక 40 శాతమే, దానికి మందులు చాలన్నారు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గడానికి స్టాటిన్ మాత్రం జీవితాంతం వాడాలి.

శాస్త్రిగారితో మాట్లాడాను, వచ్చే నెలలో ఇంకో ముహూర్తం ఉందన్నారు. నువ్వు బుధవారం రాత్రికి చెన్నై చేరు, నేను లోపలున్నంతసేపూ అమ్మ దగ్గర ఎవరో ఒకరుండాలి. వచ్చేలోపు నీ బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకుని ఆ కాగితాలు నాకు తెచ్చి చూపించు. సిగరెట్ మాత్రం ఇవాళే మానెయ్యరా.

నాన్న