డాబా తాళం తీయండి, పెద్దవాళ్లకు ఎండ తగలనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు 82 ఏళ్లు. రెండేళ్ల క్రితం వరకు ఆమదాలవలస దగ్గర మా ఊళ్లోనే ఉండేది. ధనుర్మాసం వచ్చిందంటే పొద్దున్నే వీధి అరుగు మీద చేరి, ఎండ జరిగే కొద్దీ పీట జరుపుకుంటూ భోజనం వేళ దాకా కందికాయలు ఒలిచేది. మోకాళ్ల నొప్పులు ముదిరాక శ్రీకాకుళంలో మా ఇంటికి తెచ్చుకున్నాం. మాది కింది అంతస్తు. తూర్పున ఒక అపార్ట్‌మెంటు, దక్షిణాన ఇంకొకటి. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వస్తే సందులోకి కాస్త ఎండ దిగుతుంది. కార్తీకం దాటి సూర్యుడు దక్షిణానికి ఒరిగాక ఎండ పొడే ఉండదు. పట్టపగలు లైటు వేసుకుంటాం.

ఈ చలికాలం అమ్మకు మాట తగ్గిపోయింది. పగలంతా కునుకు, రాత్రంతా మెలకువ. వయసు వల్ల అనుకున్నాను. డాక్టరు రక్తపరీక్ష చేయించి, విటమిన్ డి బాగా తక్కువగా ఉందని మాత్రలు రాశారు. రోజూ ఎండలో కూర్చోబెట్టమన్నారు. పగటి వెలుగు చాలకపోతే నిద్రవేళలు తారుమారవుతాయని, కిటికీ అద్దంలోంచి పడే ఎండతో విటమిన్ డి తయారు కాదని, అందుకు లేత ఎండ కంటే పది దాటిన ఎండే పనికొస్తుందని అప్పుడే తెలిసింది.

ఎక్కడ కూర్చోబెట్టను? నీళ్ల ట్యాంకులు పాడవుతాయని మా డాబాకు తాళం వేశారు. ఆటోలో పార్కుకు తీసుకువెళితే తొమ్మిదిన్నరకే గేటు మూసేశారు.

మా అబ్బాయి స్కాట్లండ్‌లో ఉంటాడు. డిసెంబరులో అక్కడ ఎనిమిదిన్నర దాటితే గాని సూర్యుడు కనిపించడు, నాలుగు కాకుండానే అస్తమిస్తాడు. ఆ చీకటికి దిగులు పట్టేవాళ్లు పొద్దున్నే 10,000 లక్సుల (లక్సు అంటే వెలుతురు కొలత) దీపం ముందు అరగంట కూర్చుంటారట. నానమ్మకు అలాంటిదొకటి పంపుతానన్నాడు. నా మనసు చివుక్కుమంది. డిసెంబరులో కూడా సుమారు 11 గంటల పగలుండే ఊరికి, అరసవల్లి సూర్యనారాయణస్వామి వెలసిన ఊరికి దీపం తెప్పించుకోవాలా? మార్చిలో, అక్టోబరులో స్వామి పాదాలను కిరణాలు తాకే ఆ కొద్ది నిమిషాల కోసం చీకటితోనే వెళ్లి వరుసలో నిలబడతాం. ఇంట్లో అమ్మ పాదాలకు ఎండ తగిలి రెండు నెలలైంది.

చలికాలం నాలుగు నెలలూ పార్కులు మధ్యాహ్నం దాకా తెరిచి ఉంచాలని పురపాలక అధికారులను వేడుకుంటున్నాను. అపార్ట్‌మెంటు సంఘాల వారూ పెద్దవాళ్ల కోసం రోజూ రెండు గంటలు డాబా తెరవాలి. మా సంఘం వారు తాళంచెవి నాకిస్తే పదింటికి తీసి, పన్నెండింటికి నేనే వేస్తాను. పైన లిఫ్టు దిగాక డాబా దాకా ఉన్న ఇరవై మెట్లూ అమ్మను కుర్చీతో ఎత్తి తీసుకువెళ్లడానికి పక్కింటి కుర్రాళ్లు ఇప్పటికే ఒప్పుకున్నారు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం