దంత వైద్యశాల కేసు షీటులో ఈ-సిగరెట్‌కు, అంటే వేప్‌కు ఒక గడి పెట్టించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను పళ్ల డాక్టర్ని. సిగరెట్ మీద మీ శాఖ చేసే ప్రచారంలో నోటి గురించి ఉండేది క్యాన్సర్ ఫొటో ఒక్కటే. అది చూసినవాళ్లు కాసేపు భయపడి, "మనకింకా అంతదాకా రాలేదులే" అనుకుంటారు. క్యాన్సర్ మాట అటుంచితే, అంతకు చాలా ముందే చిగుళ్లు పాడవుతాయి. పాడవుతున్నట్టు తెలియదు కూడా.

చిగుళ్ల జబ్బుకు జనానికి తెలిసిన గుర్తు రక్తం. బ్రష్ చేస్తుంటే రక్తం కనబడితేనే మా దగ్గరికొస్తారు. నికోటిన్ రక్తనాళాల్ని బిగించేస్తుంది కాబట్టి సిగరెట్ తాగేవాళ్లలో ఆ గుర్తే సరిగా కనబడదు. చిగురు లేత రంగులో, గట్టిగా, పైకి బాగానే ఉంటుంది. పంటికీ చిగురుకీ మధ్య లోతు కొలిచే సన్నని పుల్ల, అదే ప్రోబ్, పెడితే మాత్రం ఆరేడు మిల్లీమీటర్లు దిగుతుంది. ఆరోగ్యంగా ఉంటే మూడు దాటకూడదు. అప్పటికే పంటిని పట్టి ఉంచే ఎముక కొంత కరిగిపోయి ఉంటుంది, అది దానంతటదే మళ్లీ పెరగదు. చిగుళ్ల జబ్బు ఉండి రోజుకు 10 సిగరెట్లు, ఆపైన తాగేవాళ్లను 2018 నాటి అంతర్జాతీయ వర్గీకరణ వేగంగా ముదిరే రకంలో చేర్చింది.

మానేశాక ఇంకో తిరకాసు. రక్త ప్రసరణ కుదుటపడగానే చిగుళ్ల నుంచి రక్తం కనబడొచ్చు. "మానేశాకే నా పళ్లు చెడిపోయాయి డాక్టర్" అంటారు. ఇలా జరగొచ్చని ముందే ఒక ముక్క చెబితే ఆ టెన్షన్‌తో మళ్లీ సిగరెట్ పట్టుకోరు.

ఇక వేప్, అంటే ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్. కాలే పొగలో ఉండే తారు ఇందులో ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ఎన్నడూ సిగరెట్ ముట్టని కుర్రాడికి ఆ పోలికతో పనేముంది? ఆ ద్రవంలో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ తేమను లాగేసి నోరు ఎండబెడుతుంది. లాలాజలం తగ్గితే పళ్లకు రక్షణ పోయినట్టే. తీపి ఫ్లేవర్లు కలిపిన జిగట ఆవిరి తగిలిన పంటి పైపొర ఎనామిల్‌కు పుచ్చు తెచ్చే బ్యాక్టీరియా మరింతగా అతుక్కుంటుందని ల్యాబ్ పరీక్షల్లో కనబడింది. నికోటిన్ ఉన్న వేప్ అయితే చిగుళ్లకు ఇందాక చెప్పిన బెడద అదనం.

మా కేసు షీటులో ఉండే ప్రశ్న ఒక్కటే: "పొగ తాగుతారా?" వేప్ వాడే కుర్రాడు లేదంటాడు. అబద్ధం కాదు, అతని లెక్కలో అది పొగ కాదు. పన్ను తీశాక సిగరెట్ వద్దని చెప్పి పంపిస్తాం. అతను వేప్ పీలుస్తాడు. గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి, ఎముక బయటపడి, చెవిదాకా లాగే నొప్పితో తిరిగొస్తాడు.

అందుకే అడుగుతున్నాను. ప్రభుత్వ దంత వైద్యశాలల కేసు షీటులో వేప్‌కు విడిగా ఒక గడి పెట్టించండి. మానాలనుకునేవాళ్లకు సలహా, నికోటిన్ గమ్, ప్యాచ్ అక్కడే అందేలా చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలోని 14వ అధికరణ చెప్పేదీ మానేవాళ్లకు సాయం చేయమనే. గమ్‌లకూ ప్యాచ్‌లకూ బడ్జెట్ కావాలి, టైమ్ పడుతుందని తెలుసు. కేసు షీటు మార్చడానికి మాత్రం ఒక సర్క్యులర్ చాలు. అది ఎప్పుడిస్తారో చెప్పండి.

ఇట్లు,
ఒక దంత వైద్యుడు