మాత్రలు అయిపోయిన మర్నాడు వచ్చే నెగెటివ్‌తో ఆగిపోకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

డ్యూటీలో సూది గుచ్చుకున్న నర్సులకీ, ఆస్పత్రి చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికులకీ, కండోమ్ చిరిగిందని భయపడి వచ్చేవాళ్లకీ హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజుల మాత్రలు ఇస్తారని ఇప్పుడు చాలామందికి తెలుసు. 72 గంటల్లోపే మొదలుపెట్టాలని, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిదని కూడా తెలుసు. మరి ఆ తర్వాత టెస్టు ఎప్పుడు? ఇది మాత్రం వివరంగా చెప్పి పంపేవాళ్లు తక్కువ. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని కాబట్టి రోజూ చూస్తున్నాను. కొందరు ఆఖరి మాత్ర వేసుకున్న మర్నాడే వచ్చి, నెగెటివ్ అని చూసుకుని, ఇక మళ్లీ కనిపించరు. ఇంకొందరు టెన్షన్‌తో నిద్రపట్టక వారం వారం వస్తారు, వచ్చిన ప్రతిసారీ డబ్బు కట్టి అదే జవాబు తీసుకెళతారు.

మాత్రలు మొదలుపెట్టిన రోజు చేసే టెస్టు జరిగిన ప్రమాదం గురించి ఏమీ చెప్పదు, అంతకుముందే హెచ్‌ఐవీ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఇక ఈ మాత్రలు చేసే పనే వైరస్‌ని పెరగనివ్వకపోవడం. ఏ కొద్దిమందిలోనో మందుని దాటి వైరస్ నిలిచినా, మాత్రలు వాడుతున్నన్నాళ్లూ అణిగి ఉంటుంది కాబట్టి, టెస్టు పట్టుకోవాల్సిన యాంటిజెన్ (వైరస్‌లోని భాగం), యాంటీబాడీలు (వైరస్‌ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసేవి) ఆలస్యంగా బయటపడొచ్చు. అందుకే బ్రిటన్ డాక్టర్ల మార్గదర్శకాల్లో ఈ రెంటినీ పట్టుకునే ఫోర్త్ జనరేషన్ టెస్టు జవాబుని నమ్మడానికి ఆగాల్సిన 45 రోజుల గడువుని ప్రమాదం జరిగిన రోజు నుంచి కాకుండా మాత్రలు పూర్తయిన రోజు నుంచి లెక్కపెడతారు. మన దేశంలో ఎయిడ్స్ నియంత్రణ చూసే జాతీయ సంస్థ నాకో అయితే ప్రమాదం జరిగాక 6 వారాలకి, 3 నెలలకి, 6 నెలలకి టెస్టు చేయించుకోమంటుంది. 6 వారాల నెగెటివ్ మంచి కబురే, కాదనను, కానీ అక్కడితో ఆగకూడదు.

ఏ టెస్టు చేశారన్నది కూడా ముఖ్యం. నరం నుంచి రక్తం తీసి చేసే ఫోర్త్ జనరేషన్ టెస్టుకి మామూలుగా, అంటే మాత్రలు వాడనివాళ్లకి, ప్రమాదం జరిగాక 45 రోజులు చాలు, వేలి చివర రక్తంతో చేసే ర్యాపిడ్ కిట్‌కి 90 రోజుల దాకా పట్టొచ్చు. చాలా రిపోర్టుల మీద 'నాన్ రియాక్టివ్' (అంటే నెగెటివ్) అని ఒక్క ముక్కే ఉంటుంది, ఏ టెస్టో ఉండదు. దాన్ని చూసి ఏం అర్థం చేసుకోవాలి? ఒక్క కిట్‌లో రియాక్టివ్ వచ్చినంత మాత్రాన కుప్పకూలాల్సిన పని కూడా లేదు, ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, టెస్టు కేంద్రంలో) వేర్వేరు కిట్లతో నిర్ధారించాకే పాజిటివ్ అంటారు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మాత్రలు ఇచ్చే డాక్టరు అదే చీటీ మీద తర్వాతి టెస్టుల తేదీలు రాసివ్వాలి. ల్యాబ్‌లు రిపోర్టులో టెస్టు రకం రాయాలి. వైద్యసేవల సంస్థలు తమ సిబ్బందికి ఈ మందు అందించాలని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది, మరి కాంట్రాక్టు కార్మికురాలు 3 నెలల తర్వాత టెస్టుకి వెళ్లాలంటే ఆ పూట కూలీ పోకుండా కూడా యాజమాన్యమే చూడాలి కదా! ఆమె టెస్టు మానేస్తే అడిగే దిక్కుండదు.

ఆఖరి టెస్టు అయ్యేదాకా కండోమ్ వాడండి, రక్తదానం చేయకండి. జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, గొంతునొప్పి వస్తే తేదీ కోసం ఆగకుండా వెంటనే డాక్టరుకి చూపించుకోండి. ఐసీటీసీలో టెస్టు ఉచితం, వివరాలు ఎవరికీ చెప్పరు, అనుమానాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు.

- ఒక ల్యాబ్ టెక్నీషియన్, తెనాలి