మొదటి బోర్డు మీద కూర్చున్నవాడికి

ఒరేయ్,

ముందు నాలుగు తిట్లు తిట్టేసి తర్వాత చదువు, నేనేమీ అనుకోను. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటిపోయింది. ప్రతి ఆదివారం రాద్దామనుకోవడం, ఏదో ఒక పని తగలడం, మళ్లీ వచ్చే ఆదివారం అనుకోవడం. సారీ రా, నిజంగా సారీ. ఇంట్లో అందరూ బాగున్నారు, నాన్నకి కంటి ఆపరేషన్ అయింది, బానే కనిపిస్తోందంటున్నారు, చెల్లి ఉద్యోగం మారింది, నాకు మళ్లీ నైట్ షిఫ్ట్ వేశారు. అంతే. మిగతావి ఫోన్లో మాట్లాడుకుందాం. ఇప్పుడు కూర్చున్నది వేరే విషయం రాద్దామని, పది రోజులుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నా, నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు.

బుడాపెస్ట్‌లో 2024 చెస్ ఒలింపియాడ్ అయిందిగా, మనవాళ్లు ఓపెన్లోనూ విమెన్‌లోనూ రెండు గోల్డ్‌లు కొట్టారని నీ దాకా వచ్చే ఉంటుంది. నువ్వు చెస్ వార్తలు చూడవని తెలుసు, చూడటం ఎందుకు మానేశావో కూడా తెలుసు, ఆ సంగతికే వస్తా. కానీ ముందు మన ద్రోణవల్లి హారిక గురించి వినాలి నువ్వు.

ఎన్నేళ్లయిందో కదా, గుర్తుందో లేదో, మళ్లీ చెప్తున్నా. దేశానికి ఐదుగురు, రౌండ్‌కి నలుగురు ఆడతారు, ఒకళ్లు బయట కూర్చుంటారు. ఆ నాలుగు ఆటలూ కలిపి ఒక మ్యాచ్, మ్యాచ్ గెలిస్తే జట్టుకి రెండు పాయింట్లు, డ్రా అయితే ఒకటి, పదకొండు రౌండ్లు. ఎవరు ఏ బోర్డో టోర్నమెంట్ మొదలవ్వకముందే రాసిచ్చేయాలి, తర్వాత ఎవరికి ఎంత దెబ్బ తగిలినా ఆ వరస మారదు. ఈసారి కోనేరు హంపి లేదు. కాబట్టి హారిక మొదటి బోర్డు, తర్వాత వైశాలి, దివ్య, వంతిక, తానియా. మొదటి బోర్డు అంటే ఏంటో నీకు నేను చెప్పక్కర్లేదు. అవతలి దేశం వాళ్ల గట్టి మనిషి రోజూ వచ్చి కూర్చునేది ఆ కుర్చీ ఎదురుగానే.

మూడో రౌండ్లో స్విట్జర్లాండ్ తరఫున ఎవరొచ్చారనుకున్నావ్, కోస్టెన్యుక్, మాజీ విమెన్స్ వరల్డ్ ఛాంపియన్. హారిక ఓడిపోయింది. ఐదో రౌండ్లో కజకిస్తాన్ అమ్మాయి బిబిసారా అసౌబయేవా, మళ్లీ ఓడింది. కానీ ఆ రెండు మ్యాచ్‌లూ మనమే గెలిచాం రా! స్విట్జర్లాండ్‌తో 3-1, కజకిస్తాన్‌తో రెండున్నర ఒకటిన్నర, అక్కడ వైశాలీ వంతికా గెలిచారు, దివ్య డ్రా చేసింది. అలా వరసగా ఏడు మ్యాచ్‌లు గెలుచుకుంటూ వచ్చారు. ఎనిమిదో రౌండ్లో పోలండ్ దగ్గర ఆగింది. హారిక కష్లిన్‌స్కయా మీద ఓడింది, వైశాలి మోనికా సోచ్కో మీద ఓడింది, దివ్య గెలిచినా సరిపోలేదు. ఆ రాత్రి నాతో పాటు చూస్తున్న మా ఆఫీసు కుర్రాడు అన్నాడు, "ఆమెని బయట కూర్చోబెట్టి మిగతా నలుగురినీ ఆడిస్తే పోతుంది కదండీ" అని. నాకు ఎక్కడో చివుక్కుమంది. ఏమీ అనలేదు. కానీ ఆ మాట ఇంతకుముందు ఎక్కడో విన్నానని అనిపిస్తూనే ఉంది, ఎక్కడ విన్నానో గుర్తు రావడానికి మూడు రోజులు పట్టింది.

అసలు ఆమె ఎప్పట్నుంచి ఆడుతోందో తెలుసా, 2004లో, స్పెయిన్‌లో కాల్వియాలో, పదమూడేళ్లప్పుడు మొదటి ఒలింపియాడ్. అంటే ఇరవై ఏళ్లు. 2022లో మహాబలిపురంలో మన దగ్గరే జరిగినప్పుడు తొమ్మిదో నెల కడుపుతో వచ్చి కూర్చుంది, అప్పుడు నేను నీకు మెసేజ్ కూడా పెట్టా, నువ్వు ఒక్క దణ్ణం బొమ్మ పంపి ఊరుకున్నావ్. ఆ ఏడు చివరి రౌండ్ దాకా మనమ్మాయిలే ముందున్నారు, చివరి రోజు అమెరికా మీద 3-1తో ఓడి కంచుకి జారిపోయారు. అందుకే ఈసారి పోలండ్ మీద ఓడిన రాత్రి నాకు నిద్ర లేదు. మళ్లీ అదే కథా అని.

మధ్యలో కుర్రాళ్ల సంగతి కూడా చెప్పేస్తా, లేకపోతే నీకు అన్యాయం చేసినట్టు. గుకేశ్ మొదటి బోర్డు మీద పది ఆటల్లో తొమ్మిది పాయింట్లు, ఒక్కటీ ఓడలేదు. చైనాతో మ్యాచ్‌లో మిగతా మూడు బోర్డులూ డ్రా అయిపోయాయి, వీడొక్కడే వెయ్ యి ఎదురుగా కూర్చుని ఎనభై ఎత్తులు లాగి గెలిచాడు. నీ "ఇంకొక్క ఎత్తు" పార్టీలో చేర్చుకోవచ్చు వీణ్ణి, శాశ్వత సభ్యత్వం ఇచ్చెయ్. రెండేళ్ల క్రితం మహాబలిపురంలో ఉజ్బెకిస్తాన్ అబ్దుసత్తొరోవ్ మీద గెలవాల్సిన గేమ్ చేతులారా పోగొట్టుకుని తల పట్టుకుని కూర్చున్న పిల్లాడే వీడు. ఈ నవంబర్‌లో సింగపూర్‌లో చైనా డింగ్ లిరెన్‌తో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఆడబోతున్నాడు, అది మాత్రం నాతో పాటు చూస్తానని మాటివ్వు.

అర్జున్ ఇంకో అద్భుతం. మన వరంగల్ కుర్రాడు, రేటింగ్‌లో అప్పటికి మనవాళ్లందరికన్నా పైన ఉన్నాడు, అయినా మూడో బోర్డు. వాడికి ఏమీ పట్టింపు లేదు. పదకొండు రౌండ్లూ ఆడాడు, ఒక్క రోజు కూడా బయట కూర్చోలేదు, పది పాయింట్లు తెచ్చాడు. వరస రాయడంలోనే సగం యుద్ధం ఉందిరా, కెప్టెన్ శ్రీనాథ్ నారాయణన్‌కి దండం పెట్టాలి. పైన గుకేశ్ అవతలివాళ్ల నంబర్ వన్‌ని పట్టుకుని కూర్చుంటే కింద అర్జున్ కోత కోసుకుంటూ పోయాడు. హరికృష్ణకి మూడు ఆటలే దొరికాయి, మన చిన్నప్పట్నుంచి ఇండియాకి ఆడుతున్న మనిషి, ఈసారి ఎక్కువ రోజులు కుర్రాళ్ల వెనకాలే ఉన్నాడు. ఆయన మెడలో ఆ గోల్డ్ చూసినప్పుడు నాకు... సరే అది వేరే ఉత్తరం. మొత్తం పది గెలుపులు, ఉజ్బెకిస్తాన్‌తో ఒక్క డ్రా, 22కి 21 పాయింట్లు. పదో రౌండ్లో గుకేశ్ అమెరికా కరువానాని కొట్టిన రోజు నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు తలుపు కొట్టారు.

సరే హారిక.

పోలండ్ తర్వాత అమెరికాతో 2-2, అదీ వంతిక ఇరీనా క్రష్‌ని ఓడించబట్టి. తర్వాత చైనా మీద దివ్య ఒక్కతే గెలిచింది, మిగతా ముగ్గురూ డ్రా పట్టుకున్నారు, రెండున్నర ఒకటిన్నర. చివరి రోజుకి మనమూ కజకిస్తానూ చెరి పదిహేడు పాయింట్లు. సెప్టెంబర్ 22, ఆదివారం, మధ్యాహ్నమే మొదలైంది ఆట. మనకి అజర్‌బైజాన్, వాళ్లకి అమెరికా.

ఆ రోజు ఏం చేశానో విను. అటక మీంచి మన పాత సెట్టు దించాను. అదే, బస్సులో గుర్రం పారిపోయిన సెట్టు. దుమ్ము తుడిచి అన్నీ పేర్చి, ఆ గుర్రం గడిలో నీ నీలం పెన్ను క్యాప్ నిలబెట్టాను. అది ఇంకా ఆ డబ్బాలోనే ఉందిరా! నీ పళ్ల గాట్లతో సహా ఉంది. ఆలోచిస్తూ ఆలోచిస్తూ నువ్వు నమిలిన చోట ప్లాస్టిక్ తెల్లగా అయిపోయి ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని అలా కాసేపు కూర్చుండిపోయా, ఆట మొదలైపోయిందన్న ధ్యాస కూడా లేదు.

ఒక ఫోన్లో మన నాలుగు బోర్డులు, ఇంకో ఫోన్లో కజకిస్తాన్ అమెరికా మ్యాచ్. పక్కన తెలుపూ నలుపూ గీత ఒకటి పైకీ కిందకీ ఊగుతుంటుంది చూడు, ఎవరు గెలుస్తున్నారో కంప్యూటర్ చెప్పేది, దాన్ని ఆపేశాను. అది చూస్తుంటే మనిషి ఆలోచిస్తున్నట్టు అనిపించదు, నాడి చూస్తున్నట్టు ఉంటుంది. ఆపేసి, హారిక ఎత్తు వేసినప్పుడల్లా నేనూ ఇక్కడ బోర్డు మీద వేశాను, ఎదురుగా గునాయ్ మమ్మద్‌జాదా వేసినవీ నేనే వేశాను. మూడు సార్లు ఓడిన మనిషి రా, ఇన్ని రోజులుగా అంత పెద్దవాళ్ల ఎదురుగా, ఆ రోజు ఆ చేతులు ఎంత బరువుగా ఉండాలి. ఆటలో మాత్రం ఆ బరువు నాకు ఎక్కడా కనపడలేదు. పాత హారికే, కంగారు లేకుండా, తనకి తెలిసిన పని తను చేసుకుంటూ పోయింది. గెలిచింది! మొదటి బోర్డు మీద, చివరి రోజు, గోల్డ్ కావాల్సిన మ్యాచ్‌లో. దివ్య గెలిచింది, వంతిక గెలిచింది, వైశాలి డ్రా, మూడున్నర అర. అవతల కజకిస్తాన్ 2-2 దగ్గర ఆగిపోయింది. మనకి 19, వాళ్లకి 18.

దివ్యకీ వంతికకీ వాళ్ల బోర్డుల్లో విడిగా గోల్డ్‌లు కూడా వచ్చాయి, దివ్యకి పదకొండుకి తొమ్మిదిన్నర, వంతికకి తొమ్మిదికి ఏడున్నర. వాళ్ల గొప్పతనం ఎక్కడికీ పోదు, ఆ పిల్లలు పులులు. కానీ హారిక స్కోర్ వరస చూసి ఎవడైనా పెదవి విరిస్తే ఇకమీదట నేను ఊరుకోను. కోస్టెన్యుక్ మొదటి బోర్డు మీద ఉంది కాబట్టి మూడో బోర్డుకి రాలేదు. బిబిసారా రాలేదు. కష్లిన్‌స్కయా రాలేదు. ఆ దెబ్బలన్నీ కాసినవాళ్లు ఒకళ్లున్నారు.

ఇప్పుడు చెప్తా అసలు సంగతి. ఆ ఆఫీసు కుర్రాడి మాట ఎక్కడ విన్నానో ఆ రోజు గుర్తొచ్చింది. మన ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్‌లో, మూడో రౌండ్ అయ్యాక, మెట్ల దగ్గర, "వాణ్ణి మొదటి బోర్డు నుంచి తీసేసుంటే బావుండేది" అని. నువ్వు వెనకాలే నిలబడి ఉన్నావ్. విన్నావ్. నేనూ విన్నాను, విని నోరు మూసుకున్నాను. అప్పుడు కూడా ఏమీ అనలేదు నేను. అది ఇన్నేళ్లూ లోపల ఉంది రా.

ఐదు రౌండ్లలో నాలుగు ఓడావ్ నువ్వు. నేను నాలుగో బోర్డు మీద నాలుగు గెలిచా, అందరూ నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. నాకు ఎదురుగా ఎవరు కూర్చున్నారు? ఒకడికైతే కాస్లింగ్, అదే రాజుని ఏనుగు చాటున దాచడం, ఎటువైపు చేయాలో కూడా సరిగ్గా తెలీదు. నీకు ఎదురుగా స్టేట్ ప్లేయర్లు. వరస రాసేటప్పుడు "నేను మొదట కూర్చుంటా, మీకు తేలికైనవాళ్లు తగులుతారు" అన్నది నువ్వే, ఆ రాత్రి హాస్టల్ గదిలో, నలుగురం ఒకే దుప్పటి మీద కూర్చుని ఉన్నప్పుడు. ఎవ్వరూ నిన్ను అడగలేదు.

చివరి రౌండ్ గుర్తుందా నీకు. నువ్వు మర్చిపోయి ఉంటావని నాకు అనుమానం, ఓడినవే గుర్తు పెట్టుకునే రకం నువ్వు. మనవాళ్లు ఇద్దరం గెలిచాం, ఒకడు ఓడాడు, నీ ఆట ఒక్కటే మిగిలింది, ఏనుగులు ఒక్కొక్కటి, నీకు ఒక బంటు తక్కువ. హాల్లో కుర్చీలు మడిచేస్తున్నారు. నువ్వు ఆ క్యాప్ నములుతూ కూర్చున్నావ్. మూడు గంటలు. అతను ఎటు తోస్తే అటు నీ ఏనుగుని అడ్డం పెట్టావ్, చివరికి విసిగిపోయి డ్రాకి చెయ్యి చాపాడు. ఆ అర పాయింట్‌తోనే రెండున్నర అయింది, ఆ రెండున్నరతోనే మూడో ప్లేసు. కప్పు పట్టుకుని ఫొటో దిగేసరికి నువ్వు బ్యాగ్ తీసుకుని వెళ్లిపోయావ్. ఆ ఫొటో మా ఇంట్లో గోడ మీద ఇన్నాళ్లూ ఉంది, అందులో ముగ్గురమే ఉన్నాం, వచ్చినవాళ్లందరికీ "మా టీమ్" అని చూపించాను. మొన్న ఆదివారం రాత్రి దాన్ని తీసేశాను.

నువ్వు ఆ తర్వాత బోర్డు ముట్టుకోలేదు. ఎందుకు మానేశావని నేను ఎప్పుడూ అడగలేదు, అడిగితే మెట్ల దగ్గర సంగతి వస్తుందని భయం. అప్పుడే ఒక్క మాట అనుండాల్సింది రా, వీడు అక్కడ కూర్చోబట్టే మనం ఇక్కడ గెలుస్తున్నాం అని. ఒక్క మాట. పోడియం మీద ఆ ఐదుగురు అమ్మాయిలూ పక్కపక్కన నిలబడి ఉంటే, హారిక మెడలోనూ అదే గోల్డ్, కొంచెం చిన్నదేమీ కాదు, నాకు వెంటనే నువ్వే

కింద క్యాబ్ వచ్చేసింది, డ్రైవర్ రెండోసారి ఫోన్ చేస్తున్నాడు, ఇప్పుడు ఆపకపోతే ఇంకో రెండు నెలలు ఇది సొరుగులోనే ఉంటుంది, అందుకే ఇలాగే కవర్లో పెట్టేస్తున్నా, దారిలో పోస్ట్ డబ్బాలో పడేస్తా. పెన్ను క్యాప్ కూడా ఇందులోనే పెట్టాను, జాగ్రత్తగా విప్పు. డిసెంబర్‌లో నువ్వు వచ్చేటప్పుడు దాన్ని తీసుకురా, అది లేకపోతే సెట్టుకి గుర్రం తక్కువ. నాలుగైదు గేమ్‌లు ఆడదాం, తెల్లవి నీవి

నీ
నాలుగో బోర్డు